ఆ ఎలుగుబంటి నేనేనట

1 మార్చి 1949, మంగళవారం

ముప్పై ఏండ్లు నిజాం సర్కారు ఫసలీ తారీఖులు రాసిన చెయ్యి ఇది. సర్కారు మారినంక ఇంగ్లీషు తారీఖు వేయమంటే జర తడబడుతది. అర్జీ మీద తారీఖు తప్పితే కచేరీల వాపసు చేస్తరు. ఇది నా సొంత పుస్తకం, వాపసు చేసేటోడు లేడు.

ఇయ్యాల పక్కింటి జానయ్య తన ఇంటెనుక ఖాళీ మెట్టచెలకను డేరా సినిమావాళ్ళకు ఇచ్చిండు. బెజవాడ దిక్కు మనుషులు. కోదాడల పదిహేను రోజులు ఆడి సూర్యాపేటకు దిగిండ్రట. చెలక అంత పెద్దగున్నది, కాని కరెంటు పుట్టించే ఇంజను తెచ్చి మా గోడ కాడనే పెట్టిండ్రు. ఎందుకు పెట్టాలె? అడగను. అడిగితే జవాబు కోడికి చెప్తడు.

ఆ సంగతి కూడ రాసి పెట్టుకోవాలె, వయసు మీద పడ్డంక మరిచిపోత. జానయ్యకు నాకు ఆరేండ్ల సంది మాటల్లేవు. మా ఇద్దరి నడుమ ఉన్నది మట్టిగోడ. వానకాలం కూలుతది, ఎండకాలం పెట్టుకుంటం. ఎవరు ముందు మొదటి వరస పెడితే వాళ్ళు అవతలి దిక్కు నాలుగు వేళ్ళ మందం జరిపి పెడతరు. ఒక ఏడు ఆయన, ఒక ఏడు నేను. ఇప్పుడు ఆ గోడను చూస్తే తాగినోడు నడిచిపోయిన జాడ లెక్క ఉంటది. నాతోని చెప్పే మాట ఉంటే ఆయన తన కోడిని తిడతడు. నేను నా మేకను తిడత. ఆ రెండూ ఏ పాపం ఎరగవు, అయినా మస్తు తిట్లు తిని బలంగనే ఉన్నయి. పోయినేడు మా దొడ్లకు నీళ్ళు రావద్దని ఆయన దిక్కు ఒక కాలువ తవ్విన. తెల్లారి నేనే అండ్ల పడ్డ. నన్ను చూసి నవ్వబోయి ఆయన తను నాటిన ముండ్లకంప మీద కూసున్నడు.

నా భార్య అచ్చమ్మ, ఆయన భార్య లింగమ్మ మాత్రం గోడ సందులకెల్లి నిప్పు, చింతపండు, ముచ్చట్లు ఇచ్చి పుచ్చుకుంటరు. ఆడోళ్ళకు పౌరుషం తక్కువ.

4 మార్చి

నిన్న పొద్దుగూకినంక ఆటకు పోయినం. ఇంతకు ముందు రెండు సినిమాలు చూసిన, రెండూ దేవుళ్ళవి. ఇది కూడ దేవుళ్ళదే అన్నరు. కాని ముందుగాల ఒక పొట్టి బొమ్మ వేసిండ్రు. అండ్ల మనుషులు లేరు. గీసిన జంతువులు. గీసినవి కదులుతయి, ఉరుకుతయి, తన్నుకుంటయి. ఇసొంటిది నేను పుట్టి ఎరగ. ఈ పేటల ఎవరూ ఎరగరు.

కథ ఇది. ఒక ఎలుగుబంటి, ఒక పుంజు. పక్కపక్క ఇండ్లు. నడుమ కట్టెల దడి. ఎలుగుబంటి దడిని అవతలికి జరుపుతది. పుంజు వచ్చి ఇవతలికి జరుపుతది. ఎలుగుబంటి పుంజు చెట్టును రంపంతోని కోస్తే ఆ చెట్టు తన కొంప మీదనే పడుతది. పుంజు తాడు తెచ్చి ఎలుగుబంటి ఇంటికి కట్టి ఎద్దుతోని గుంజిపిస్తది, ఇల్లు పోతుంటే లోపల ఎలుగుబంటి ఇంకా పీటేసుకొని తింటనే ఉంటది. ఆఖరికి ఎలుగుబంటి పుంజు కూరకుండల బాంబు పెడుతది. ధడేల్మంటది. పుంజు జొన్నరొట్టె లెక్క పలచగ అయి గాలికి ఊగుకుంట కింద పడి, మళ్ళ లేచి ఈకలు దులుపుకుంటది.

అంతవరకు బాగనే ఉన్నది. కాని ఆ ఎలుగుబంటికి కండ్లద్దాలు ఉన్నయి. చెవి మీద పెన్సిలు ఉన్నది.

ఎనుకకెల్లి హోటల్ నాగయ్య గొంతు వినొచ్చింది. "ఓ రామనర్సయ్యా, నీ అద్దాలు గాడ ఇచ్చి వచ్చినవా ఏంది?" అన్నడు. డేరల ఉన్న తలకాయలన్నీ నా దిక్కు తిరిగినయి. అప్పుడు నా చెయ్యి నాకు తెల్వకుండనే చెవి మీదికి పోయింది. పెన్సిలు ఉన్నది. ఇంకా నవ్విండ్రు. నా దిక్కు చూసినంక జానయ్య దిక్కు చూసిండ్రు. ఆయన ఎర్ర రుమాలు చుట్టుకొని మొదటి వరసల కూసున్నడు, పుంజు జుట్టుకూ ఆ రుమాలుకూ తేడా లేదు.

నేను కచేరి అరుగు మీద కూసొని నలుగురి కష్టం రాసి పెట్టే మనిషిని. అ ఆలు నాకు ఎవడూ నేర్పలేదు, సంతల పొట్లాలు కట్టిచ్చిన కాయితాలు చదివి నేర్చుకున్న. ఉర్దూ కూడ అట్లనే. అసొంటి మనిషిని ఎలుగుబంటి చేసిండ్రు.

5 మార్చి

రాత్రంత ఆలోచన చేసిన. ఈ పేటల చెవి మీద పెన్సిలు పెట్టుకునేటోడు నేనొక్కన్ని. గోడ జరిపే సంగతి నాకు, జానయ్యకు, రెండు ఇండ్ల ఆడోళ్ళకు తెలుసు. డేరావాళ్ళకు ఎట్ల తెలిసింది? చెలక ఎవరిది? జానయ్యది. మాట్లాడే తీరిక ఎవరికి ఉన్నది? జానయ్యకు.

ఒక్క పేచీ ఉన్నది. బొమ్మల పుంజు కూడ దెబ్బలు తింటది. అది కూడ తేలిపోయింది. తన మీద అనుమానం రావద్దని తనను కూడ కొట్టిచ్చుకున్నడు. ఆ తెలివి ఉన్నది ఆయనకు.

అచ్చమ్మకు చెప్పిన. ఆమె బియ్యం చెరుగుడు ఆపలేదు. "ఎలుగుబంటిని చూస్తే వాండ్లకు నువ్వు యాదికొచ్చినవు గని, నిన్ను చూసి ఎలుగుబంటిని గియ్యలే," అన్నది. చదువు లేని మనిషి.

6 మార్చి

సాక్ష్యం కోసం మళ్ళ పోయి చూసిన. ఎలుగుబంటి పీట మీద తినుకుంట ఇల్లు పోయే కాడ నాకు తెల్వకుండ నవ్వొచ్చింది. అది లెక్కల వేయను.

జానయ్య తొడ చరుచుకుంట నవ్విండు.

7 మార్చి

ఇద్దరు పాత గిరాకీలు నా దగ్గరికి రాలే, అరుగు ఆ కొసన అర్జీలు రాసేటోని కాడికి పోయిండ్రు. మోతె నుంచి వచ్చిన ఒకాయన నా ముందల కూసొని అర్జీ చెప్పుకుంట చెప్పుకుంట నా అద్దాలు చూసి ఆగిండు, కిందికి చూసి దగ్గిండు. అది దగ్గు కాదు. పట్టా పోయిన బాధల ఉన్న మనిషికి నన్ను చూస్తే నవ్వొస్తున్నది. ఇగ నా అర్జీకి ఏం విలువ ఉంటది?

8 మార్చి

మిలిట్రీ వచ్చిన కాడికెల్లి పేట ఎట్లున్నదో నాకు తెలుసు. సంగపోళ్ళకు, అంటే ఆ కమ్యూనిస్టులకు, బువ్వ పెట్టిండని ఒక మాట చాలు, మనిషిని క్యాంపుకు పట్టుకపోతరు. మా పేట క్యాంపు గేటు కాడ ఒక డబ్బా తగిలిచ్చిండ్రు. అండ్ల పేరు లేని కాయితాలు వేస్తున్నరట. మా పనిల వాటిని ఆకాశరామన్న అర్జీలు అంటం. ముప్పై ఏండ్లల ఒక్కటి రాయలేదు. రాయమని వచ్చినోళ్ళను తరిమిన.

కాని నిజం నిజమే కద. రెండేండ్ల కింద, రజాకార్ల జోరున్నప్పుడు, జానయ్య ఇంట్ల నలుగురు కొత్త మనుషులు బువ్వ తిని పోయిండ్రు. నేను సందులకెల్లి చూసిన. ఆ దినం కూర చాలలేదని అచ్చమ్మ మా ఇంట్లకెల్లి మామిడి తొక్కు ఇచ్చింది. తొక్కు సంగతి రాయలేదు. అర్జీ అంటే సూటిగ ఉండాలె.

ఎడమ చేత్తోని రాసిన. రాసినంత మాత్రాన ఏమైతది? వెయ్యను.

9 మార్చి

వేసిన.

10 మార్చి

ఏం కాలే. ఆ డబ్బా ఎవడు తెరుస్తడు? చెదలు పట్టి ఉంటది.

11 మార్చి

డేరా లేపిండ్రు. మిర్యాలగూడకు పోతున్నరట. ఇంజను సప్పుడు లేకపోయేసరికి జానయ్య గొంతు మంచిగ వినొస్తున్నది. పొద్దుగాల కోడితోని అంటున్నడు: "నీకు అద్దాలు కూడ కావాల్నే?" మేకను రెండు మాటలన్న. లోపలికి వచ్చినంక ఎందుకో తేలికయింది. ఆ డబ్బా ఎవరూ తెరవలేదు, అది ఖాయం.

13 మార్చి, ఆదివారం

తెరిచిండ్రు.

పగటి పూట, అందరూ చూస్తుండంగ జీపు వచ్చింది. జానయ్య బర్రెకు నీళ్ళు పెడుతున్నడు. బకెటు కింద పెట్టమన్నరు. పెట్టిండు. ఆయన ఏమీ అడగలేదు, అదే నాకు బాగలేదు. ఆరేండ్లు కోడిని పట్టుకొని అంతంత మాటలన్న నోరు, ఒక్క మాట అనలే. రుమాలు కింద పడితే తీసుకుంటననంగ వద్దన్నరు.

నేను లోపల ఉన్న. గాలి ఎక్కువున్నదని తలుపు దగ్గరికి వేసిన.

నా కాయితంతోనే పట్టుకపోయిండ్రని ఎట్ల చెప్తం? ఇయ్యాల రేపు ఎవల మీద ఎవరు రాస్తున్నరో. హోటల్ నాగయ్యకు జానయ్య మీద కోపం ఉన్నది. అరుగు ఆ కొసన కూసునేటోడు కూడ మంచోడు కాదు. ఇయ్యాలంత దారిన పోయే ఒక్కొక్కని మొకం చూసిన. ఒక్కొక్కడు నా మొకం చూసిండు.

13 మార్చి, మళ్ళ

లింగమ్మ గోడ సందుల కాడికి రాలే. వాకిట్లకెల్లే వచ్చింది, ఆరేండ్లల మొదటిసారి. అచ్చమ్మ ఆమెను పట్టుకొని కూసోబెట్టింది. మిర్యాలగూడ క్యాంపుకు తీసుకపోయిండ్రట, అడిగొచ్చింది. ఆత్మకూరు మనిషి ఒకాయన అదే క్యాంపుకు పోయి నెల దాటింది, ఇంటికి చేరలే అన్నది.

"అన్నా, నీకు ఆయనకు పడదని నాకు తెల్వదా," అన్నది. "కాని నీ రాత అంటే ఆఫీసర్లు సదువుతరు. ఆయన ఏ పాపం చెయ్యలే అని ఒక్క కాయితం రాసియ్యి. ఆయనొచ్చినంక మళ్ళ మీ కొట్లాట మీరు కొట్లాడుకోండ్రి."

అచ్చమ్మ నా దిక్కు చూస్తున్నది. రాస్త అన్న.

14 మార్చి

రాసిన. కుడి చేత్తోని, మంచిగ. జానయ్య రైతు మనిషి, ఏ సంగంతోని సంబంధం లేదు, పరువుగల్లోడు, ఇరుగు పొరుగుతోని కలిసిమెలిసి ఉంటడు. ఆ ఆఖరు మాట కాడ కలం ఆగింది, మళ్ళ నడిచింది. లింగమ్మ వేలిముద్ర వేసింది. అప్పుడు నా చెయ్యి అట్టడుగుకు పోయి రాసింది: దస్తూరి, రామనర్సయ్య.

మా పనిల అది పద్ధతి. కాయితం ఎవరు రాసిండ్రో కింద పేరుండాలె, లేకుంటే కచేరీల ముట్టరు. ముప్పై ఏండ్ల సంది నేను ఆ ముక్క రాయను, చెయ్యే రాస్తది. బువ్వ తిన్నంక చెయ్యి కడుక్కున్నట్టు.

అది చూసుకుంట కూసున్న.

ఆ ఎనిమిదో తారీఖు కాయితం అడుగున ఏం రాసిన?

యాది చేసుకుంటున్న. జానయ్య పేరు రాసింది యాదున్నది. నలుగురు మనుషులు అని రాసింది యాదున్నది. ఆఖరు లైను యాదికి వస్తలేదు. ఎడమ చెయ్యి కద. ఎడమ చేతికి ఆ అలవాటు ఎట్లుంటది? ఉండదు. అయితే రాసినంక సంతకం కాడ ఊదినట్టు ఊది ఆరబెట్టిన. ఎందుకు ఊదిన?

ఆ కాయితం మీద కూడ నా పేరుంటే, ఈ కాయితం పోంగనే రెండూ ఒక్కని రాతలని దొరికిపోత. పేరు లేకుండ ఇంకోటి రాస్తే అది చెల్లదు, జానయ్య గాడనే ఉంటడు. పేరు ముక్క చింపుదామని పట్టుకున్న.

చింపలే. ఇంకో కాయితం లేకుండె.

అది అబద్ధం. పెట్టెల దస్తాకు దస్తా ఉన్నది.

15 మార్చి, మిర్యాలగూడ

బస్సు మీద వచ్చినం. నేను, అచ్చమ్మ, లింగమ్మ. క్యాంపు గేటు కనపడంగనే నాకు కడుపు నొచ్చింది. నిజంగనే నొచ్చింది. ఆడోళ్ళిద్దరు పోయి కాయితం లోపలికి ఇచ్చిండ్రు. రేపు రమ్మన్నరు. ఇద్దరికి సత్రంల జాగ దొరికింది. నేను వాకిట్ల కూసోలేక బజారుల తిరిగిన. తిరిగి తిరిగి డేరా కాడ తేలిన.

పొద్దుగూకి మొదటి ఆట. అదే బొమ్మ. అదే అద్దాలు, అదే పెన్సిలు. దడి జరిపే కాడ జనం నవ్వుకుంట ఇద్దరి దిక్కు తిరిగిండ్రు. నా దిక్కు కాదు. ఒకాయన గానుగ పట్టేటాయన, నల్లగ లావుగ ఉన్నడు. ఇంకొకాయన పంతులు, మెడ పొడుగు. వాళ్ళిద్దరి పేర్లు పెట్టి పిలుస్తున్నరు. గానుగాయన లేచి నిలబడి పంతులుతోని, నీ పనే గదా ఇది అంటున్నడు. పంతులు చెప్పు చేతికి తీసుకున్నడు.

బాంబు పేలింది. పుంజు రొట్టె లెక్క అయింది. అది లేచేదాక చూడలేక బయటికి వచ్చిన.

డేరా నడిపేటాయన పేరు కోటిలింగం. ఇంజను కాడ బీడీ కాలుస్తున్నడు. ఈ బొమ్మ ఎవరు గీసిండ్రు అని అడిగిన.

"ఏమోనండి, సీమ సరుకు, తెల్లదొరల దేశంలో గీసింది. మద్రాసులో దేవుడి బొమ్మ తీసుకుంటే ఇది కూడా పెట్టె అడుగున వేసిచ్చారు. పదేళ్ళ పాతది," అన్నడు. "ఊరికో జత ఉంటారండీ. కోదాడలో అన్నదమ్ములిద్దరు వచ్చి నా చొక్కా పట్టుకున్నారు. హుజూర్‌నగర్‌లో ఒక పెద్దాయన ఇంజనులో మట్టి పోయించాడు. అందరిదీ ఒకటే మాట, పక్కింటోడు చెప్పి తీయించాడని. మీ పేటలో కూడా ఒకాయన అడిగాడు. చెలక ఇచ్చారు చూడండి, ఎర్ర రుమాలాయన."

ఏమడిగిండు అన్న.

"పక్కింట్లో అర్జీలు రాసే ఆయనున్నాడు, ఆయన రాసిచ్చాడా మీకీ కథ అని. రెండు రోజులు నిద్ర పోలేదట పాపం. కాదండీ అని ఒట్టు వేసి చెబితే, పోనీలే అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు."

ఆయనకు కూడ అనుమానం వచ్చింది. ఆయన పోయి అడిగిండు. నేను అడగలే. నాకు రాయొస్తది కద, రాసిన.

16 మార్చి

పొద్దంత గేటు ముందల చింతచెట్టు కింద ముగ్గురం కూసున్నం. లోపలికెల్లి సప్పుడైతే లింగమ్మ అచ్చమ్మ చెయ్యి పట్టుకుంటది. నేను గేటు దిక్కు చూసుకుంట ఉన్న. ఎప్పుడు నా పేరు పెట్టి పిలుస్తరో అని. పిలుస్తే పోవాలె అనుకున్న. మూడుసార్లు అనుకున్న. మూడుసార్లు బస్సు ఎన్నిగంటలకో కూడ అడిగొచ్చిన.

మాపటికి జానయ్య బయటికొచ్చిండు. ఎడమ చెయ్యి గుడ్డతోని మెడకు కట్టుకున్నడు. మొకం ఒక దిక్కు ఉబ్బింది. నడక ముసలోని నడక. నాకన్న ఎనిమిదేండ్లు చిన్నోడు. లింగమ్మను చూసిండు, అచ్చమ్మను చూసిండు, "అక్కా, నువ్వు కూడ వచ్చినవా," అన్నడు. నన్ను చూసి చూపు పక్కకు తిప్పలే. చూసుకుంటనే ఉన్నడు. చూపు తిప్పింది నేను.

17 మార్చి

ఇల్లు చేరినం.

ఆయనకు తెలుసా? తెల్వదు. చదువు రాదు కద.

18 మార్చి

తెలుసు. తెల్వకపోతే ఇయ్యాల కోడిని తిట్టేటోడు. పొద్దుగాల నేనే మేకను రెండు మాటలన్న, గట్టిగ. అవతలికెల్లి ఏం రాలే.

19 మార్చి

మధ్యాహ్నం కచేరీల అందరూ తిండికి లేచిపోయినంక జానయ్య అరుగు కాడికి వచ్చిండు. అర్జీ రాయించుకునేటోళ్ళు కూసునే జాగల కూసున్నడు. జర సేపు చెయ్యి సర్దుకున్నడు.

"కాయితం సూపెట్టిండ్రు," అన్నడు. "నాకు సదువు రాదంటే, వాండ్ల దగ్గర తెలుగు మనిషి ఒకడున్నడు, వాడు సదివిండు. అడుగున నీ పేరు కూడ సదివిండు."

నేను కలం కింద పెట్టిన.

"ఈ రామనర్సయ్య ఎవడు, యాడుంటడు అని అడిగిండ్రు. నాకు తెల్వదన్న."

"ఎందుకన్నవ్ బావా?" నా నోట్లకెల్లి ఆ పిలుపు ఆరేండ్ల తర్వాత వచ్చింది. నాకే కొత్తగ వినొచ్చింది.

"నిన్ను పట్టుకొస్తరు. నువ్వు రెండు దెబ్బలకు ఆగేటోనివి కాదు, ఆ దినం మీ ఇంటికెల్లి వచ్చిన తొక్కు సంగతి కూడ చెప్పేస్తవు. అక్క ఏం చేసింది నడుమ?" అన్నడు. కోపం లేదు గొంతుల. నీళ్ళ వంతు సంగతి చెప్పినట్టు చెప్తున్నడు. "రెండు రోజులు గదే అడిగిండ్రు, గదే చెప్పిన. ఆనక లింగమ్మ కాయితం వచ్చింది. దాని మీద నీ పేరే. ఆఫీసరు రెండు పక్కపక్కన పెట్టుకొని నవ్విండు. తిట్టింది వీడే, పొగిడింది వీడే, ఇవి కూలిరాతలు, పొమ్మనుమన్నడట. తెల్వదని అబద్ధమాడినందుకు పోయే ముందల ఇంకో నాలుగు పడ్డయి."

నేను తప్పు అయిందని చెప్పబోయిన. కచేరి భాషల తప్పుకు నాకు ఇరవై మాటలు వస్తయి. ఏది వాడాల్నో ఎంచుకునేలోపల ఆయన లేచిండు. ఒక్క చేత్తోని లేచుడు కష్టమైంది, నేను చెయ్యి ఇయ్యబోతే చూడనట్టే గోడ పట్టుకొని లేచిండు.

"లింగమ్మకు చెప్పలే, చెప్ప. చెప్తే అక్కతోని మాట బంద్ చేస్తది. దానికి ఈ పేటల ఉన్నది అక్క ఒక్కతే," అన్నడు. "నీతోని నాకు ఇదే ఆఖరు మాట. ఇగ కోడిని గూడ తిట్ట."

పోయిండు. నేను ఆ మాపటిదాక ఒక్క అర్జీ రాయలే. చెయ్యి నొస్తున్నదని చెప్పిన.

20 మార్చి

పొద్దంత చెవి గోడకు పెట్టి ఉన్న. ఏం లేదు.

21 మార్చి, సోమవారం

లింగమ్మ వాకిట్లకెల్లి వచ్చింది. చేతుల ఇత్తడి గిన్నె, పైన ఆకు కప్పి ఉన్నది. మొన్న వాళ్ళ బర్రె ఈనింది, మొదటి పాల జున్ను. దేవునికి పెట్టినంక నాకే తెచ్చిందట. అచ్చమ్మ పీట వేసింది.

"నీ చేతిరాతతోని నా ఇల్లు నిలబడ్డది అన్నా," అన్నది. "దినాం దండం పెట్టుకుంటున్న. తిను. నా ముందల తిను, సూస్త."

గోడ సందులకెల్లి అవతలి వాకిలి కనపడుతది. జానయ్య ఒక్క చేత్తోని బర్రె దూడను లాగి పొదుగు కాడికి పెడుతున్నడు. ఇటు చూడలే. ఇటు మాట వినొస్తున్నదని నాకు తెలుసు, ఆయనకు తెలుసు.

ఎట్లున్నదన్నా అని అడిగింది లింగమ్మ. మంచిగున్నది చెల్లే అన్న. బెల్లం సరిపోయిందా అన్నది. సరిపోయింది అన్న. ఆమె కండ్లల నీళ్ళు పెట్టుకొని నవ్వి, గిన్నెల మిగిలింది కూడ నా పళ్ళెంల వేసింది.

తిన్న.